ఇంటిచూపులు

ఖాళీ ఇంటిని ఎవరూ కొనరట. ఎవరో కాపురముండి, మనసొప్పక వదిలిపోతున్న ఇల్లయితే ఎగబడి కొంటారట. ఇది కంపెనీవాళ్ళు కనిపెట్టిన కిటుకు. అందుకని వాళ్ళు బాగుచేయించి అమ్మకానికి పెట్టే ప్రతి పాత ఇంట్లోనూ, చూసేవాళ్ళు వచ్చే రోజుల్లో ఒక మనిషిని కూర్చోబెడతారు. మామూలుగా అయితే నాటకాల్లో వేషాలేసేవాళ్ళని పిలుచుకుంటారు. ఈ రెండో అంతస్తు ఇంటికి మాత్రం ఆ అవసరం లేకుండా అసలు మనిషే దొరికింది.

అసలు మనిషి అంటే కాజాల ఆవిడ. కింద వీధిలో కోట్లు కుట్టే దుకాణాలకి చేత్తో కాజాలు కుట్టి, బొత్తాలు వేసి ఇస్తుంది కాబట్టి వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. మేడ మొత్తానికి మరమ్మతులని చెప్పి కంపెనీవాళ్ళు అందర్నీ పంపించేసేదాకా ఆ ఇంట్లోనే అద్దెకుండేది. పనయ్యాక మళ్ళీ వద్దురుగాని అన్నారు. పనయింది. రమ్మని కబురూ వచ్చింది. తీరా వస్తే, ఉండడానికి కాదు, ఉన్నట్టు కనబడడానికి.

కబురు పంపినవాడు కంపెనీ తరఫున ఇళ్ళు చూపించే టై అబ్బాయి. అబ్బాయి అనడమే గానీ ఇద్దరు పిల్లల తండ్రి. ఎంత ఉక్కపోసినా మెడకున్న టై తియ్యడు. పని ఉన్నప్పుడు ఆవిడని ‘పిన్నిగారూ’ అంటాడు, లేనప్పుడు ‘ఏమండీ’ అంటాడు. మొదటిరోజు పొద్దున్నే వీధి గుమ్మంలో ఎదురుచూస్తూ నిలబడి, ఆవిడ ఇంకా బస్సు దిగుతుండగానే ‘రండి పిన్నిగారూ, రండి’ అని చేతిలో సంచీ అందుకోబోయాడు. ఆవిడ ఇవ్వలేదు. సంచీలో కోటు ఉంది, మడత పడితే దుకాణంలో కోటు మాస్టారు ఊరుకోడు.

మెట్ల పక్కనున్న చెక్క కమ్మీకి కొత్తగా పాలిష్ పెట్టారు. ఎప్పుడూ పట్టుకునే మలుపు దగ్గర పట్టుకుంటే చెయ్యి జారింది. రెండో అంతస్తు తలుపు తెరిచేసరికి వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. వంటింటికీ వెనక గదికీ మధ్య గోడ లేదు. గోడ లేకపోయేసరికి ఇల్లు పెద్దదయింది గానీ ఏ గదికి ఆ గది పోయింది. నేల మీద పువ్వుల బిళ్ళలు మాత్రం అవే. వాటిని తోమించి మెరిపించారు. పొడుగాటి కిటికీకి ఉన్న రంగుటద్దాలూ అవే, పగిలిపోతే ఆవిడ కాగితం అంటించుకున్న నీలం అద్దం స్థానంలో ఇంకో నీలం వేశారు. ఆ నీలం ఈ నీలంతో కలవలేదు. స్నానాలగదిలో అసలైన పాత ఇత్తడి కుళాయిని పాతదని పీకి పారేసి, దాని జాగాలో పాతదానిలా కనిపించే కొత్త కుళాయి పెట్టారు. ఆవిడ దాన్ని తిప్పి చూసింది. నీళ్ళు రాలేదు. ఇంకా కలపలేదన్నాడు టై అబ్బాయి. పొయ్యి కూడా అంతేనట, చూడడానికే.

ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో అతను నిలబెట్టి అప్పజెప్పించుకున్నాడు. ఎవరైనా అడిగితే ఎన్నో ఏళ్ళుగా ఇక్కడే ఉన్నానని చెప్పాలి, అది ఎలాగూ నిజమే. అన్నయ్య దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పాలి, అదీ ఒక రకంగా నిజమే. ఇల్లు వదలడం కష్టంగా ఉందని చెప్పాలి. అది నేర్పక్కర్లేదు. మరమ్మతుల మాటా, ఎవరెవరు ఎక్కడికి పోయారనే మాటా ఎత్తకూడదు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించి అసలు మాట చెప్పాడు.

“ఈ ఇల్లు అమ్ముడుపోయిందంటే పైన డాబా మీద గది మీదే, పిన్నిగారూ. మా కంపెనీ సారుతో నేను మాట్లాడతాను. మీరు మళ్ళీ ఈ వీధిలోనే ఉంటారు. సరేనా?”

ఆవిడకి కావలసింది ఆ ఒక్కటే. అన్నయ్య ఇల్లు ఊరవతల ఉంది. బస్సు ఎక్కి, దిగి, ఇంకో బస్సు ఎక్కి వచ్చేసరికి సగం పూట పోతోంది. మునుపు కోటు మాస్టారు దుకాణం ముందు నిలబడి పైకి ఒక కేక వేస్తే ఆవిడ తాడు కట్టిన బుట్ట దించేది, కోటు పైకి వచ్చేది. ఇప్పుడు ఇవాళ తీసుకెళ్ళింది రేపు గానీ తిరిగి రావడం లేదు. మొన్ననే మాస్టారు మొహం చూడకుండా ఒక మాట చెప్పాడు. పక్క సందులో మిషను మీద కాజాలు కుట్టేవాడు దిగాడట. నీ పనికి వంక లేదమ్మా, నువ్వు దూరమైపోయావు, అదే చిక్కు అన్నాడు. ఈ వారం చూసి చెబుతానన్నాడు. చేతిలో పని ఉండాలంటే ఆవిడ ఈ వీధిలో ఉండాలి, వీధిలో ఉండాలంటే డాబా మీది గది తప్ప ఆవిడ స్థోమతకి ఇంకోటి లేదు.

కిటికీ దగ్గర ఆవిడ పాత కుర్చీ లాంటి కుర్చీ ఒకటి వేసి ఉంచారు. అందులో కూర్చుని సంచీలోంచి నల్లకోటు తీస్తే టై అబ్బాయి మొహం చిట్లించాడు. నలుపు బాగుండదు, ఏదైనా రంగుగుడ్డ మీద పువ్వులు కుడుతున్నట్టు కూర్చోమన్నాడు. తనకి పువ్వులు కుట్టడం రాదందామె. ఊరికే కుడుతున్నట్టు పట్టుకోండి చాలన్నాడు. ఊరికే పట్టుకుంటే మాస్టారికి సాయంత్రం ఏమివ్వనని అడిగింది. నల్లకోటే ఖాయమైంది.

సుద్దతో గీత గీసి, కోత కొయ్యడానికి ముందు ఆవిడ ఎప్పుడూ ఒక్క క్షణం ఊపిరి బిగబడుతుంది. వేలెడంత వెడల్పు కూడా లేని ఉలి, చిన్న సుత్తి, కింద చెక్కముక్క. ఒక్క దెబ్బ. కోశాక ఇక వెనక్కి పోవడం లేదు. తర్వాత దారాన్ని మైనం ముద్ద మీద లాగి, అంచు వెంట ఒక్కొక్క ముడీ పక్కపక్కన పేర్చుకుంటూ రావాలి. చేత్తో కుట్టిన కాజాని బొటనవేలితో తడిమితే వరసగా గింజలు తగులుతాయి. మిషను కాజాకి ఆ గింజ రాదు. అయితే ఆ గింజ కోసం తడిమి చూసేవాళ్ళు తగ్గిపోయారు, అది వేరే సంగతి.

మొదటిరోజు వచ్చినవాళ్ళలో ఇల్లు కొనే మొహాలు తక్కువ. ఒకాయన ప్రతి గోడా వేళ్ళతో తట్టి, గోడ ఏమని జవాబిచ్చిందో గానీ తల అడ్డంగా ఊపుకుంటూ పోయాడు. ఒక మొగుడూ పెళ్ళాం గుమ్మంలోకి రాకముందే మొదలుపెట్టిన గొడవని ఇల్లంతా తిప్పి, మళ్ళీ అలాగే తీసుకుపోయారు. టై అబ్బాయి దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందుగదిలో నిలబెట్టి ఇల్లు చెప్పినంతసేపూ బాల్కనీ తలుపులు మూసి ఉంచుతాడు. చివర్న రెండూ ఒక్కసారి బార్లా తెరుస్తాడు. కింది నుంచి వీధి మొత్తం ఇంట్లోకి వస్తుంది. రొట్టెల దుకాణం వాసన, మంగలి కొట్లో రేడియో, బండి తొయ్యలేక జనాన్ని తిట్టే కూరలవాడు, దుకాణాల షట్టర్లు.

“జీవమున్న వీధండీ. ఇది ఇంకెక్కడా దొరకదు” అంటాడు.

ఆ వీధికి జీవమిచ్చిన మనుషుల్లో ఈ మేడలో ఉండినవాళ్ళందరినీ ఊరవతలకి తోలేశాక, మిగిలిన చప్పుడు చూపించి బేరం పెట్టడం ఆవిడకి చిత్రంగా అనిపించింది. కోపం కూడా వచ్చింది. కానీ డాబా మీది గది గుర్తొచ్చి సూదిలో దారం ఎక్కించుకుంది.

అప్పజెప్పిన పాఠం రెండుసార్లు చెప్పేసరికి ఆవిడకే విసుగొచ్చింది. మూడోసారి తన మాటే చెప్పింది. సాయంత్రం ఎండ ఏ మూల దాకా వస్తుందో, సన్నపని చేసుకోవాలంటే కుర్చీ ఎటు వేసుకోవాలో, గడియారం చూడకుండా ఏ దుకాణం తెరిచిన చప్పుడు బట్టి లేవవచ్చో చెప్పింది. వింటున్నవాళ్ళు కదలకుండా విన్నారు. వాళ్ళు వెళ్ళాక టై అబ్బాయి నోరు తెరుచుకుని చూశాడు. నాటకాలవాళ్ళు మీ కాలిగోటికి కూడా చాలరన్నాడు. ఆవిడకి సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పొగడ్తకి పడనివాళ్ళెవరు.

కిందికి దిగితే మంగలి కత్తెర ఆడిస్తూనే అడిగాడు, ఏమక్కా, మేడ కొనేశావటగా, మాకు అద్దె పెంచకే తల్లీ అని. కొట్లో కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఆవిడా నవ్వింది. డాబా మీది గది సంగతి మాత్రం చెప్పలేదు. నోట్లో మాట నోట్లో ఉంటేనే పనులవుతాయని ఆవిడ నమ్మకం.

ఆ నమ్మకం ఇంటికి వెళ్ళేదాకానే నిలిచింది. అన్నం పెట్టుకుంటూ వదినకి చెప్పేసింది. వదిన మంచిదే. మంచిది కాకపోతే ఆవిడకి ఇంత ఇబ్బంది ఉండేది కాదు, ఎదురు మాట్లాడి బతికేది. ముందుగదిలో ఆవిడ పక్క వేసుకుంటుందని వదిన తన పిల్లల్ని వంటింట్లో చదివిస్తోంది, ఒక్క మాట అన్న పాపాన పోలేదు. గది సంగతి వినగానే వదిన మొహం విచ్చుకుంది. మరుక్షణం అలా విచ్చుకున్నందుకు ముడుచుకుంది.

“అంటే... నిన్ను పొమ్మనడం కాదు” అంది వదిన.

“నాకు తెలుసులే వదినా” అంది కాజాల ఆవిడ.

మర్నాడు పళ్ళ డాక్టరమ్మ వచ్చింది. ఒక్కతే వచ్చింది. వచ్చీరాగానే చెప్పులు గుమ్మంలో వదిలి, ముందుగది మధ్యలో నేల మీద చతికిలబడి పువ్వుల బిళ్ళలు చేత్తో తడిమింది. టై అబ్బాయి పాఠం మొదలుపెట్టబోతే, కాస్సేపు చూడనివ్వండి అని మెల్లిగా ఆపేసింది. కిటికీ దగ్గరికి వచ్చి కోటు చూసింది. వంగి, అడక్కుండానే బొటనవేలితో కాజాని తడిమింది.

“మేమూ ఇలాగే కుడతాం తెలుసా, చిగుళ్ళు. ఇంత బాగా కుట్టం” అంది.

కాజాల ఆవిడకి ఆ పిల్ల అంటే అప్పటికప్పుడే ఇష్టం కలిగింది. ఇల్లు ఇలాంటిదాని చేతిలో పడితే బాగుండుననుకుంది. ఎవరూ అడక్కుండానే ఏ గోడకి మేకు దిగుతుందో, ఏ గోడకి దిగదో, వేసవిలో ఏ గది చల్లగా ఉంటుందో అన్నీ చెప్పింది. డాక్టరమ్మ బుద్ధిగా వింది. చివర్న మీరెక్కడికి వెళ్తారండీ అని అడిగింది.

అన్నయ్య దగ్గరికి అని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగిన మనిషి మంచిది, ఆవిడ మనసు సంతోషంగా ఉంది, పైగా అది అబద్ధం కాబోతోంది.

“ఎక్కడికీ పోనమ్మా. పైకే” అంది.

పైన గది ఉందా అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. టై అబ్బాయి ఫోనులో ఉన్నాడు. రండి చూపిస్తానని కాజాల ఆవిడే ముందు నడిచింది. డాబా మీద నీళ్ళ ట్యాంకు పక్కన ఒకే ఒక్క గది, ఒక కిటికీ, బయట ఒక కుళాయి. మరమ్మతులు అక్కడిదాకా రాలేదు. సున్నం పెచ్చులూడి ఉంది. మూల పాత తలుపులు చేరవేసి ఉన్నాయి. ఆవిడ మాత్రం అక్కడ లేనివన్నీ చూపించింది. మంచం ఇటు, కుర్చీ అటు, బల్ల కిటికీ కింద. బుట్టకి తాడు ఇంకొంచెం పొడుగు కావాలి, అంతే. కిటికీ తెరిచి, ఇక్కడ నిలబడండి, వీధి కనిపిస్తుంది గానీ వీధి రొద రాదు, రొద కింది ఇంట్లోనే ఆగిపోతుంది, ఇక్కడికి గాలి మాత్రమే వస్తుంది అని చెప్పింది. కింది ఇంటి గురించి అన్ని మాటలు చెప్పి ఉండదు. తన సొంతం కాబోతున్నది కదా.

డాక్టరమ్మ కిటికీలో చాలాసేపు నిలబడింది. గాలికి జుట్టు చెదిరితే సరిచేసుకోలేదు. రోజంతా జనం నోళ్ళలోకి చూస్తూ వాళ్ళ మూలుగులు వింటానండీ, ఒక్క గంట ఇలాంటి చోట కూర్చుంటే చాలు అంది. కాజాల ఆవిడ జాలిపడింది. అప్పుడప్పుడూ పైకి రండమ్మా, కూర్చుందురుగాని అంది.

కిందికి వచ్చాక డాక్టరమ్మ టై అబ్బాయిని బాల్కనీలోకి తీసుకెళ్ళి ఏదో మాట్లాడింది. ఇల్లు ఖాయమైనట్టేనని కాజాల ఆవిడ అనుకుంది. ఆ సాయంత్రం కోటు మాస్టారికి ఇచ్చేటప్పుడు, ఇంకో వారంలో మళ్ళీ బుట్ట దించుతానని చెప్పేసింది కూడా. మాస్టారు కళ్ళద్దాలు పైకి నెట్టుకుని, అయితే మిషనువాడికి ఇంకా చెప్పనులే అన్నాడు. పెళ్ళికొడుకుదట, ఇంకో కోటు ఇచ్చాడు.

ఆ తర్వాతి రోజు టై అబ్బాయి వస్తూనే పిన్నిగారూ అన్నాడు. కూర్చుని ఒకసారి, లేచి ఒకసారి పిన్నిగారూ అన్నాడు. ఎవరూ ఇల్లు చూడ్డానికి రానిరోజున అన్నిసార్లు వరస కలిపాడంటే ఏదో మునిగిందని ఆవిడకి అప్పుడే తెలిసింది. డాక్టరమ్మకి ఇల్లు నచ్చింది, కానీ పై గది కూడా కలిపి ఇస్తేనే కొంటానందట. సారుకి చెబితే, దాందేముంది, ఇచ్చెయ్ అని ఒక్క ముక్కలో తేల్చేశాడట.

“నువ్వు నాకిస్తానన్నావుగా” అంది కాజాల ఆవిడ.

“అన్నానండీ. సారుని అడగడానికి సందు చూస్తున్నాను, ఈలోగా...” అతను టై ముడి పట్టుకుని అటూ ఇటూ లాగాడు. “అసలు మీరు చూపించకపోతే ఆ గది ఉందనే ఆవిడకి తెలిసేది కాదు కదా.”

అది నిజం. అందుకే అంత గట్టిగా తగిలింది. కూర్చున్న కొమ్మని నరుక్కోవడం అంటే ఇదేనని ఆవిడ తనని తాను తిట్టుకుంది. పైన నిలబడి మంచం ఇటు, కుర్చీ అటు అని చేతులు తిప్పుతూ చెప్పిన తన బొమ్మ కళ్ళముందు ఆడితే ఒళ్ళు భగ్గుమంది. ఇంకొకరెవరైనా మోసం చేసి ఉంటే కాస్త ఓదార్పుగా ఉండేది.

టై అబ్బాయి చెడ్డవాడు కాదు. అతనికి నిజంగానే బాధగా ఉంది. బాధ ఉన్నవాడు చేసినట్టే ఏదో ఒకటి ఇచ్చి చేతులు దులుపుకుందామని చూశాడు. ఊరికి ఆ చివర ఇంకో పాత మేడ తయారవుతోందట. అక్కడా ఆవిడనే కూర్చోబెడదామని సారుకి చెప్పాడట. ఒక ఇల్లు అమ్ముడుపోగానే ఇంకో ఇల్లు. మీకు ఈ పని పుట్టుకతో వచ్చింది పిన్నిగారూ అన్నాడు. ఆవిడ పెళ్ళికొడుకు కోటు మీద సుద్దగీత గీస్తూ, ఆ ఇంట్లో ఉండినవాళ్ళు ఏమయ్యారని అడిగింది. అతను రేపటి మాట ఎత్తాడు. రేపు డాక్టరమ్మ అత్తగారు చూడ్డానికి వస్తుంది, ఆవిడ సరేనంటే అయిపోయినట్టే. ఒక్క రేపటికి వచ్చి కూర్చోండి, మీరు లేకపోతే ఇల్లు వెలవెలబోతుంది అని బతిమాలాడు.

రాత్రి అన్నం తినలేదు. వదిన గిన్నెలు సర్దుతూ, నువ్వెళ్ళి ఆ డాక్టరమ్మనే అడుగు, మంచిదంటున్నావుగా అంది. అడగందే అమ్మైనా పెట్టదంది. కాజాల ఆవిడకి వదిన మొహంలోకి చూడాలంటే కష్టంగా ఉంది. గది పోయింది తనొక్కదానికే కాదు, వంటింట్లో చదువుకుంటున్న పిల్లలకి కూడా. ఆ మాట వదిన అనలేదు, అనదు.

మర్నాడు వెళ్ళింది. దారి పొడుగునా ఎలా అడగాలో కూడబలుక్కుంటూనే వెళ్ళింది. కంపెనీ తాళంచెవి మొదటిరోజు నుంచీ ఆవిడ దగ్గరే ఉంది, టై అబ్బాయి కంటే ముందు వచ్చి కిటికీలు తెరిచి గాలి ఆడేలా చెయ్యడం కోసం. తెరిచింది. కుర్చీలో కూర్చుని కోటు ఒళ్ళో పరుచుకుంది. ఉలి పెట్టలేదు, చెవి మెట్ల వైపే ఉంది.

డాక్టరమ్మ అత్తగారిని చేయి పట్టుకుని మెట్లు ఎక్కించుకొచ్చింది. అత్తగారు కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. కోడలు పువ్వుల బిళ్ళలు చూపిస్తే ఒకసారి తలూపింది, రంగుటద్దాలు చూపిస్తే ఇంకోసారి తలూపింది. టై అబ్బాయి బాల్కనీ తలుపులు బార్లా తెరిస్తే, చప్పుడెక్కువగా ఉంది మూసెయ్ బాబూ అంది. అతను మూసేశాడు. అత్తగారు కిటికీ దగ్గర కూర్చున్న మనిషినే చూస్తోంది.

ఇంకా ఆగితే నోరు పెగలదని కాజాల ఆవిడ లేచి నిలబడింది. డాక్టరమ్మతో, అమ్మా, ఆ పై గది నాకిస్తామన్నారు, నా పని ఈ వీధిలోనే, ఆ ఒక్క గదీ నాకు వదిలెయ్యండి, మీకు ఈ ఇల్లంతా ఉంది కదా అని చెప్పింది. కూడబలుక్కున్న మాటల్లో సగం కూడా రాలేదు. డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. టై అబ్బాయి వైపు తిరిగితే అతను, సామాన్లు పడేసుకునే కొట్టండీ అది, మనుషులుండేది కాదు అన్నాడు. నేల చూస్తూ అన్నాడు.

డాక్టరమ్మ కాజాల ఆవిడ చెయ్యి పట్టుకుంది. చెయ్యి మెత్తగా, వెచ్చగా ఉంది.

“అయ్యో, నాకు తెలీదండీ. ఆ గది చూశాకే ఇల్లు కొనాలనిపించింది. మీరేం అనుకోకండి. మీకెప్పుడు రావాలనిపిస్తే అప్పుడు రండి, కూర్చోండి, కుట్టుకోండి. ఇది మీ ఇల్లే అనుకోండి.”

ఆ పిల్ల మనస్ఫూర్తిగానే అంది. అది కళ్ళలో తెలుస్తోంది. మనస్ఫూర్తిగా అన్నందుకే ఇంక అడగడానికి దారి లేకుండా పోయింది. కాజాల ఆవిడ అలాగేనమ్మా అని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. అడిగాను, అయిపోయింది అనుకుంది.

అప్పుడు అత్తగారు ఒక పీట లాంటి స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. ఇన్నాళ్ళు ఇక్కడ అద్దెకున్నారా, సొంతమా అని అడిగింది. అద్దెకేనంది. టై అబ్బాయి ముందుకొచ్చి, అవన్నీ ఎప్పుడో అయిపోయాయండీ, ఆవిడ ఖాళీ చేసి చాలా రోజులైంది అన్నాడు. నేను నిన్నడగలేదు బాబూ అంది అత్తగారు. గొంతు పెంచకుండానే అంది.

“మీ అంతట మీరే వెళ్ళారా?”

“మరమ్మతులన్నారు.”

“అయ్యాక రమ్మన్నారా?”

“రమ్మన్నారు.”

“మరి వచ్చారా?”

కాజాల ఆవిడకి ఇలాంటి ప్రశ్న ఒకటి ఉంటుందనే తట్టలేదు. రోజూ ఏదో ఒకటి అడుక్కుంటూనే ఉంది. గదినిమ్మని, వారం ఆగమని, తనకో దారి చూపమని. వచ్చావా లేదా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తన ఒళ్ళో పని ఉంది. కిటికీలు తనే తెరిచింది. తాళంచెవి కొంగున ఉంది. టై అబ్బాయి అత్తగారి వెనక నిలబడి వద్దు వద్దని తల ఊపుతున్నాడు. ఈ ఒక్క మాటతో డాక్టరమ్మకి తనంటే ఇష్టం పోతుందని తెలుసు. కంపెనీవాళ్ళు ఊరుకోరనీ తెలుసు.

“వచ్చానండీ” అంది.

అత్తగారు మోకాళ్ళ మీద చేతులాన్చి లేచి, కోడలి భుజం తట్టింది.

“పద తల్లీ. ఈ ఇల్లు ఖాళీ లేదు.”

కోడలు ఏదో అనబోయింది. ఇల్లు బాగానే ఉందమ్మా, ఇందులో మనుషులున్నారు, అంతే, ఇంకోటి చూద్దాం అంది అత్తగారు. అందులో కాజాల ఆవిడ మీద జాలి ఉందో లేదో చెప్పడం కష్టం. కోర్టు గోడల మధ్య ఉద్యోగం చేసిన మనిషి, రమ్మంటే తిరిగొచ్చిన అద్దెమనిషిని కదిలించబోతే తగాదాయేనని, తగాదా ఉన్న చోట కాలు పెట్టకూడదని అనుకుని ఉంటుంది, అంతే. డాక్టరమ్మ గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి చూసింది. ఆ చూపులో మొన్నటి ఇష్టం లేదు. కాజాల ఆవిడకి అది చాలా బాధ కలిగించింది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

మెట్ల మీద అడుగుల చప్పుడు దిగిపోయాక టై అబ్బాయి గోడకి జారబడ్డాడు.

“ఏం పని చేశారండీ ఇది? సారుకి నేనేం చెప్పాలి?”

“జరిగింది చెప్పు.”

“తాళంచెవి ఇటివ్వండి.”

ఆవిడ ఇవ్వలేదు. అతను చెయ్యి చాపి కొంతసేపు నిలబడ్డాడు. లాక్కోవడం అతని వల్ల కాదు. సారు వస్తారండీ, మనుషుల్ని వెంటబెట్టుకుని వస్తారు, అప్పుడు నేను అడ్డం పడలేను అన్నాడు. అందులో బెదిరింపు కంటే భయమే ఎక్కువ ఉంది.

“వస్తే రమ్మను. ఇంట్లోనే ఉంటాను” అందామె.

అతను ఫోను చెవి దగ్గర పెట్టుకుని కిందికి పోయాడు. ఇంట్లో కుళాయికి నీళ్ళు లేవు, పొయ్యికి గ్యాసు లేదు. సాయంత్రానికి మంగలి కొట్టు నుంచి ఒక బిందె నీళ్ళు తెప్పించుకోవాలి, వదినకి కబురు చెయ్యాలి, పెళ్ళికొడుకు కోటు పూర్తి చెయ్యాలి. కాజాల ఆవిడ బాల్కనీ తలుపులు తెరిచింది. వెనక్కి వచ్చి గుమ్మం తలుపు మూసింది. గడియ కొత్తది, ఇంకా బిగుతు వదల్లేదు. రెండు చేతులతో నొక్కి వేసింది.